యెర్బా మాతే: ఏళ్ల తరబడి రోజూ తాగాక నా అభిప్రాయం

మాతే అంటే దక్షిణ అమెరికాలో యెర్బా అనే ఎండుటాకు మీద వేడినీళ్లు పోసి, గొట్టంతో పీల్చే పానీయం. అది చేదని ఒక్క గుక్కతో పక్కన పెట్టేసేవాళ్లకు ముందుగా ఒకటి చెప్పాలి. ఆ చేదులో చాలా భాగం ఆకుది కాదు, నీళ్లది. మరిగే నీళ్లు పోస్తే ఎంత మంచి యెర్బా అయినా మాడిపోతుంది. 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఆపాలి. నేనుండే బ్యూనస్ ఎయిర్స్‌లో చాలా ఎలక్ట్రిక్ కెటిళ్లకు మాతే కోసమే ఒక గుర్తు ఉంటుంది, అక్కడికి రాగానే ఆగిపోతాయి. అది లేకపోతే, కెటిల్ సన్నగా మోత మొదలుపెట్టి అడుగున చిన్న బుడగలు లేవగానే దించేయండి.

తాగే పాత్ర ఎండిన సొరబుర్ర. మన ఊళ్లలో కల్లుకీ నీళ్లకీ వాడిన బుర్ర కూడా ఈ జాతిదే. కొత్తదైతే తడిపిన యెర్బాతో నింపి ఒక రోజు ఉంచి, లోపలి మెత్తటి పొరను చెంచాతో గీకి ఆరబెట్టాలి. తర్వాత కూడా తాగిన వెంటనే ఆకు తీసేయాలి, తడితో వదిలేస్తే బూజు పడుతుంది. అంత ఓపిక లేకపోతే స్టీలుదో గాజుదో కొనుక్కోండి, రుచికి పెద్ద లోటేమీ ఉండదు. పీల్చే గొట్టం, అంటే బొంబీషా మాత్రం అడుగు విప్పి కడుక్కోగలిగే స్టీలుదే తీసుకోండి.

ఇక కలపడం. బుర్రను ముప్పావు వంతు ఆకుతో నింపి, అరచేత్తో మూసి తలకిందులుగా ఊపితే సన్నటి పొడి పైకి చేరుతుంది. ఆకంతా ఒక పక్కకు వాలేలా వంచి, పల్లంగా ఉన్న వైపు కొంచెం గోరువెచ్చని నీళ్లు పోసి, పీల్చుకునేదాకా ఆగాలి. ఆ తడిచోటే గొట్టం గుచ్చాలి. ఆపైన దాన్ని కదపకూడదు, కలియబెట్టకూడదు. వేడినీళ్లు ప్రతిసారీ గొట్టం పక్కనే, సన్నధారగా పోయాలి. ఎత్తుగా ఉన్న వైపు ఆకు పొడిగా ఉన్నంతసేపూ రుచి ఊరుతూనే ఉంటుంది. ఫ్లాస్కు మొత్తం ఒకే బుర్ర ఆకుతో గడుస్తుంది. నురగ తగ్గి కాడలు తేలాయంటే ఇక సారం అయిపోయినట్టే.

అర్జెంటీనాలో యెర్బా పండేది మిసియోనెస్, కొరియెంతెస్ రాష్ట్రాల్లో. కోసిన ఆకును మంట సెగకు చూపించి, ఆరబెట్టి, నెలల తరబడి మాగబెడతారు. మిసియోనెస్ నుంచి వచ్చే రోసామోంతే బ్రాండు ఘాటుగా, కొంచెం పొగ వాసనతో ఉంటుంది. పొద్దున్నే నాకు అదే కావాలి. కొరియెంతెస్‌లో తయారయ్యే తరగ్వీ బ్రాండు అంతకంటే సౌమ్యం. ఉరుగ్వే వాళ్లు ఇష్టపడే కనారియాస్ బ్రాండులో కాడలు దాదాపు ఉండవు, ఆకు సన్నగా నలిగి ఉంటుంది. అలవాటు లేనివాళ్లకు అది గట్టిదే. పరాగ్వేలో చల్లటి నీళ్లతో, మూలికలు దంచి వేసుకుని తెరెరే తాగుతారు, దానికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన మే నెల ఎండలకు ఇంతకంటే మంచి పానీయం నాకు తోచదు.

ఇక ఎంగిలి సంగతి. నలుగురు కూర్చుంటే బుర్ర ఒక్కటే, గొట్టమూ ఒక్కటే. పోసి ఇచ్చే మనిషి మొదటిది తనే తాగి, తర్వాత వరుసగా అందిస్తాడు. ఇక చాలనుకున్నప్పుడే 'గ్రాసియాస్' అనాలి, ముందే అంటే మళ్లీ మన వంతు రాదు. ఎంగిలి పట్టింపుతో పెరిగిన నాకు ఇది తేలికేమీ కాలేదు. కానీ ఆ వరుసలో కూర్చున్నాకే ఇక్కడివాళ్లు నన్ను తమలో ఒకడిగా చూశారు. జలుబు చేసినప్పుడు మాత్రం వద్దంటాను, ఎవరూ ఏమీ అనుకోరు. కోవిడ్ తర్వాత సొంత బుర్ర తెచ్చుకునేవాళ్లూ చాలామందే ఉన్నారు.

ఇందులో కెఫీన్ ఉంది కాబట్టి సాయంత్రం దాటాక ముట్టను. 65 డిగ్రీలు మించిన ఏ పానీయమైనా అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో చెప్పింది. అందుకే పోసిన వెంటనే పీల్చకుండా కాస్త ఆగుతాను.

మొదటిసారి కొనేవాళ్లు కాడలున్న అర్జెంటీనా యెర్బా అరకిలో తీసుకోండి. టీ బ్యాగుల్లాంటి చిన్న సంచుల్లో దొరికే మాతే కొసీదో పాలతో బాగానే ఉంటుంది గానీ, దాన్ని బట్టి మాతే రుచిని అంచనా వేయకండి.