రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన పికప్: నాలుగేళ్లు నడిపాక

సెకండ్ హ్యాండ్ పికప్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. రెండు లక్షలు దాటిందంటే చాలు, ఇంకో మాట వినరు. నాలుగేళ్లుగా నేను అలాంటి బండితోనే కడియం నర్సరీల నుంచి మొక్కలు, కుండీలు, మట్టి బస్తాలు తోలుతున్నాను. కొన్నప్పుడు మీటరు రెండు లక్షల దగ్గర ఉంది, ఇప్పుడు మూడు లక్షలు దాటింది. ఇంకా రోజూ పనిలోనే ఉంది. నన్నడిగితే, కిలోమీటర్ల కంటే ముందు కనుక్కోవలసింది ఆ బండి ఇన్నాళ్లూ ఏం మోసిందన్నది.

బండి 2017 మోడల్, బీఎస్-4 (అప్పటి పొగ కాలుష్య ప్రమాణం), రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇంత తిరిగాక కంపెనీ చేసిన బండి కంటే పాత యజమాని చేసిన బండే మన చేతికి వస్తుంది.

మా గోదావరి జిల్లాల్లో అమ్మకానికి వచ్చే పికప్‌లలో చాలావరకు మూడు నాలుగు రకాల పనులు చేసినవి. భీమవరం, ఆకివీడు వైపు చేపలు, రొయ్యలు మోసినవి చవగ్గా దొరుకుతాయి. పైకి రంగు మెరుస్తూ ఉంటుంది. ట్రేల నుంచి కారిన ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు మాత్రం ఏళ్ల తరబడి చాసిస్ (బండిని మోసే కింది ఇనుప చట్రం) మీద పడుతూనే ఉంటాయి. అలాంటి బండి ఒకటి చూడటానికి వెళ్లినప్పుడు నాతో వచ్చిన మేస్త్రి బానెట్ జోలికే పోలేదు. "ఇంజిన్ సంగతి తర్వాత చూద్దామండి, ముందు కిందికి రండి" అని గోనెసంచి పరిచి పడుకున్నాడు. వెనక కమాన్ కట్ట (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు) చాసిస్‌కు తగిలే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడి మొహాల మీద పడింది. ఇంకాస్త గట్టిగా పొడిచేసరికి మొన లోపలికి దిగిపోయింది. ఇంజిన్ పాడైతే బాగు చేయించుకోవచ్చు, కుళ్లిన చాసిస్‌ను ఏం చేస్తాం? బేరం అక్కడితో సరి.

కంకర, ఇసుక తోలినవి మరో రకం. వాటికి తుప్పు తక్కువే, కానీ నడుము వంగిపోయి ఉంటుంది. చదునైన నేల మీద ఖాళీ బండిని నిలిపి వెనకనుంచి చూడండి. ఒక పక్కకు ఒరిగి ఉన్నా, కమాన్‌లో కంపెనీ ఇచ్చినవి కాక అదనపు పట్టీలు కనిపించినా అది మోయకూడని బరువు మోసిందని అర్థం. అదనపు పట్టీలను అమ్మేవాళ్లు గొప్పగా చూపిస్తారు, "స్ట్రాంగ్ చేయించామండి" అని. చాసిస్ మీద కొత్త వెల్డింగు, దాని మీద కొత్త నల్లరంగు ఉంటే ఇక ప్రశ్నలు అనవసరం.

నేను కొన్నది బిస్కెట్లు, చిప్స్ దుకాణాలకు వేసే డిస్ట్రిబ్యూటర్ బండి. బాడీ నిండా అట్టపెట్టెలు పేర్చినా బరువు పెద్దగా ఉండదు. అందుకే చాసిస్ తిన్నగా, కమాన్లు మొదటినాటివిగా ఉన్నాయి. అయితే ఊళ్లో దుకాణం దుకాణానికీ ఆగి ఆగి తిరిగిన బండి కాబట్టి క్లచ్, బ్రేకులు, సెల్ఫ్ మోటారు అరిగిపోయి ఉంటాయని ముందే లెక్క వేసుకున్నాం. ఆ మేరకు ధర తగ్గించి అడిగితే కొంత బేరమాడి ఒప్పుకున్నారు. మూడు లక్షల పైచిలుకు పెట్టాను. మొదటి ఏడాదిలోనే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, వెనక బ్రేకు లైనర్లు, సెల్ఫ్ మోటారు వరసగా మార్చాను. అనుకున్న ఖర్చే కాబట్టి బాధ అనిపించలేదు. అనుకోనిది ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల ఖర్చు. రెండో ఏడాది రెండు ఇంజెక్టర్లు పోయి, మొక్కల సీజన్‌లో వారం రోజులు బండి షెడ్డులో ఉంది. టైర్లు, ఇంజిన్ ఆయిలు కాకుండా నాలుగేళ్లలో రిపేర్లకు సుమారు లక్ష రూపాయలు అయి ఉంటుంది. ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు. మైలేజీ లోడుతో పదకొండు పన్నెండు, ఖాళీగా వస్తే పద్నాలుగు దాకా ఇస్తోంది.

ఇంజిన్ చూసే పద్ధతి మేస్త్రులందరికీ తెలిసిందే. నేను పట్టుబట్టేది ఒక్కటే, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. చెప్పిన వేళకంటే గంట ముందు వెళ్లి బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే అప్పటికే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, మళ్లీ రేపు వస్తామనండి. రాత్రంతా ఆగిన బండి పెద్దగా సతాయించకుండా సెల్ఫ్‌కు అందుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి, తిరగేసి ఆ రంధ్రం మీదే వదులుగా పెట్టండి. కాస్త కదిలితే ఫరవాలేదు. గుప్పుగుప్పుమని పొగ తన్ని మూతను ఎగరేస్తోందంటే పిస్టన్ రింగులు అరిగి గాలి కిందికి దిగుతోందని గుర్తు. పొగ గొట్టంలోంచి నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు తాగుతోంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ఇంజిన్ పని ఖర్చు ధరలోంచి తీసేసి మాట్లాడాలి.

ఖాళీ బండిని రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి కొనేయడం మాత్రం వద్దు. ఖాళీగా ఏ బండైనా బాగానే పోతుంది. మేము బస్తాలు ఎక్కించి గోదావరి వంతెన దాటించి కొవ్వూరు దాకా నడిపాం. మూడో గేరులో బరువు లాగేటప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. గేరు మార్చినప్పుడల్లా కింద టక్కుమంటే క్రాస్ జాయింట్లు (వెనక చక్రాలను తిప్పే రాడ్డు కీళ్లు) చూడాలి.

మీటరు తిప్పారా అన్న అనుమానం ఉంటే టైరు పక్కన ఉన్న అంకెలు చూడండి. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువే తిరిగిందన్న బండికి టైర్లు బండి కంటే బాగా కొత్తవైతే, పాతవి అరిగి మార్చారేమోనని అనుమానించాలి. ఎనభై వేలే తిరిగిందన్న బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఇనుము కనిపిస్తుంటే మీటరు కంటే పెడల్ మాటే నమ్ముతాను.

కాగితాల దగ్గర కొందరు తొందరపడతారు. రవాణా వాహనానికి ఎనిమిదేళ్లు దాటాక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏడాదికోసారి చేయించాలి. ఎఫ్‌సీ అయిపోయిన బండి తక్కువకు వస్తోందంటే, అది పాసయ్యేలా చేసే ఖర్చు మన నెత్తిన పడుతోందని అర్థం. నా ఆర్సీలో మొత్తం బరువు 2,990 కిలోలు. 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి, కాబట్టి ఆ గడి తప్పకుండా చదవండి. ఫైనాన్సు తీరిపోయిందన్న నోటిమాట సరిపోదు. ఫైనాన్సరు సంతకం చేసిన ఫారం 35 కాగితం చేతికి రావాలి. పేరు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మన పేరుకు మార్చమని అడగాలి. రవాణా బండికి వేరే డ్రైవింగ్ లైసెన్స్ కావాలని ఇప్పటికీ భయపెట్టేవాళ్లున్నారు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చేసింది.

ఇక బీఎస్-4 తర్వాత వచ్చిన ప్రమాణం బీఎస్-6. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన డీజిల్ పికప్‌లు కూడా ఇప్పుడు రెండు లక్షలు తిరిగి అమ్మకానికి వస్తున్నాయి. వాటి సైలెన్సరులో మసిని పట్టి కాల్చే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా పోవాలి. ఊళ్లోనే ఆగి ఆగి తిరిగిన బండికి అది పూడుకుపోతుంది, మార్చాలంటే జేబుకు చిల్లే. అందుకని నేనైతే హైవే మీద తిరిగిన బీఎస్-6 గానీ, ఊళ్లో తిరిగిన బీఎస్-4 గానీ చూస్తాను.

పాలు, పూలు, చేపల్లాగా తెల్లారేసరికి మార్కెట్‌కు చేరి తీరాల్సిన సరుకు తోలేవాళ్లకు ఇలాంటి బండి నేను చెప్పను. ఒక్క పూట ఆగినా సరుకు మొత్తం పోతుంది. డ్రైవరును పెట్టి నడిపించేవాళ్లకూ చెప్పను, ఎందుకంటే కొత్త చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో రోజూ నడిపే యజమాని చెవికే తెలుస్తుంది. సొంతంగా నడుపుకుంటూ, నమ్మకమైన మేస్త్రి దగ్గర్లో ఉండి, బండి ధరలో నాలుగో వంతు రిపేర్లకు విడిగా దాచుకోగలిగితే కొనండి. ఆ నాలుగో వంతు కూడా బండి ధరలోనే పోసేయాల్సి వస్తే ఇంకో ఏడాది కిరాయి బండితో నెట్టుకురావడమే లాభం.