జాఫినో: పేర్లకూ శీర్షికలకూ తగిన కలం అందం

శుభలేఖ మీద ఇంగ్లిషులో వధూవరుల పేర్లకో, ప్రశంసాపత్రం పైన శీర్షికకో కలంతో రాసినట్టుండే అక్షరం కావలసినప్పుడు నేను మొదట చూసేది జాఫినో ఫాంటునే. ఈ కోవలో దీనికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు. అయితే పేరు టైపు చేసి అంతటితో వదిలేస్తే దీని సొగసు సగం కూడా బయటపడదు.

పలటినో, ఆప్టిమా అనే ఫాంట్లను రూపొందించిన జర్మన్ కళాకారుడు హెర్మన్ జాఫ్ 1944లో చేత్తో రాసుకున్న అక్షరమాల దీనికి మూలం. సీసపు అచ్చుల కాలంలో ప్రతి అక్షరమూ తన దిమ్మె మీద ఒదగవలసిందే కనుక, పక్క అక్షరం మీదుగా సాగిపోయే కలం విసురును అచ్చులోకి తేవడం చాలా కష్టమయ్యేది. కంప్యూటర్ ఆ అడ్డు తొలగించాక 1998లో ఫాంట్లు తయారుచేసే లైనోటైప్ సంస్థ జాఫినోను విడుదల చేసింది. 2003లో ఫాంట్ల రూపకర్త అకిరా కొబయాషి తోడ్పాటుతో అది జాఫినో ఎక్స్‌ట్రాగా విస్తరించింది.

దీని అసలు బలం ఒకే అక్షరానికి ఉన్న అనేక రూపాలలో ఉంది. ఇంగ్లిషులో ‘రాధ’ అని కూర్చి, నడుమనున్న చిన్న ‘డి’ని మార్చి చూడండి: ఒక రూపంలో కొమ్ము, అంటే అక్షరం నుంచి పైకి లేచే గీత, క్లుప్తంగా ఆగిపోతుంది, మరొక దానిలో పైకి సాగి పేరంతటికీ గొడుగు పట్టినట్టు నిలుస్తుంది. ఒకే అక్షరం పేరులో రెండుసార్లు వస్తే రెండింటికీ వేర్వేరు రూపాలు ఎంచుకోవచ్చు. చేతిరాతలో ఏ రెండు అక్షరాలూ అచ్చంగా ఒకేలా ఉండవు కదా, ఆ సహజత్వం ఇక్కడ దక్కుతుంది. కానీ ప్రతి అక్షరానికీ విసురు తగిలిస్తే చూపు నిలవదు. పేరుకు ఒకటి చాలు.

ఇబ్బందులూ ఉన్నాయి. కొమ్ములూ తోకలూ చాలా పొడవు, అక్షరాల నడుము భాగం చాలా చిన్నది. అందువల్ల పంక్తుల మధ్య ఎక్కువ చోటు అడుగుతుంది. చోటు తగ్గిస్తే పై పంక్తిలోని ‘ఎఫ్’ తోక కింది పంక్తిలోని కొమ్ముల్లో చిక్కుకుంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో విసురుల కొసలు పైన తెగిపోతాయి కనుక ప్రూఫును, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనాను, పెద్దది చేసి చూడాలి. అన్నీ క్యాపిటల్ అక్షరాలతో కూర్చితే చదవడమే కష్టం. పెళ్లి వేదిక చిరునామా, ముహూర్తం వంటి వివరాలకు ఇది బొత్తిగా పనికిరాదు, వాటికి సాదా ఫాంటు వాడాలి.

మ్యాక్ కంప్యూటర్లలో జాఫినో ముందే ఉంటుంది, విండోస్ వాడేవారు కొనుక్కోవాలి. బంగారు రేకు ముద్రణకు, గరుకు కాగితానికి మామూలు జాఫినోలోని సన్నని గీతలు నిలవకపోవచ్చు. అలాంటి పనికి ఎక్స్‌ట్రాలో వచ్చే ‘ఫోర్టే’ అనే మందపాటి రూపాన్ని ఎంచుకోవడం మేలు.