పెట్టె చవక, తీగ ఖరీదు: ఇంటి ఛార్జరుపై అమెరికా ఇచ్చే 30సి పన్ను తగ్గింపు

విద్యుత్ కారు కొంటే 2025 దాకా వచ్చిన 7,500 డాలర్ల పన్ను తగ్గింపు గురించి మన తెలుగువారి వాట్సాప్ గుంపుల్లో జరిగినంత చర్చ, ఆ కారుకు ఇంట్లో ఛార్జరు బిగించుకుంటే వచ్చే సొమ్ము గురించి ఎన్నడూ జరగలేదు. అమెరికా పన్ను చట్టంలోని 30సి సెక్షన్ కింద దొరికే ఆ తగ్గింపును 2024లో నేను వాడుకున్నాను. ఒక దుకాణంలో సరుకు కొన్నవాడు దాని మంచిచెడ్డలు చెప్పినట్టే దీని గురించీ చెప్పదలచాను.

ఛార్జరుకూ దాన్ని బిగించడానికీ అయిన ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 1,000 డాలర్లు, మనం కట్టవలసిన పన్నులోంచి నేరుగా తగ్గుతుంది. 2005 నాటి ఇంధన చట్టంతో వచ్చిన ఈ తగ్గింపు 2021 చివరికి ముగిసిపోగా, 2022 ఆగస్టులో వచ్చిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం దాన్ని 2032 దాకా పొడిగించింది. అయితే 2023 నుంచి ఒక మెలిక పెట్టింది. ఇల్లు తక్కువ ఆదాయ ప్రాంతంలోనో, పట్టణం కాని ప్రాంతంలోనో ఉండాలి. ఈ లెక్క ఊరిని బట్టి కాదు, పిన్‌కోడ్ లాంటి జిప్‌కోడ్‌ను బట్టీ కాదు. జనాభా లెక్కల కోసం గీసిన సెన్సస్ ట్రాక్టును బట్టి. ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల వెబ్‌సైటులో ఉన్న పటంలో చిరునామా వేసి చూస్తే అర్హత ఉందో లేదో తెలిసిపోతుంది. అమెరికన్లలో మూడింట రెండు వంతుల మంది అర్హమైన ప్రాంతాల్లోనే ఉన్నారని ప్రభుత్వం అప్పట్లో అంచనా వేసింది గాని, మన ఐటీ కుటుంబాలు ఏరికోరి చేరే ఖరీదైన శివార్లు చాలావరకు ఆ మిగిలిన ఒక వంతులో పడతాయని నా అనుమానం. డాలస్‌కు దూరంగా చిన్న ఊళ్లో ఉన్న మా పాత ఇంటికి అర్హత వచ్చింది. నాకన్నా పెద్ద ఇల్లు కట్టుకున్న మిత్రుడికి రాలేదు. ఊరికి దూరంగా ఉన్నామని ఇన్నాళ్లూ మమ్మల్ని ఆటపట్టించిన వాడు ఆ రోజు కాసేపు మౌనంగా ఉన్నాడు.

నేను కొన్నది టెస్లా యూనివర్సల్ వాల్ కనెక్టరు అనే ఛార్జరు. 24 అడుగుల తీగ, టెస్లాకూ ఇతర కంపెనీల కార్లకూ సరిపోయేలా అందులోనే ఇమిడిన అడాప్టరు ఉన్నాయి కాబట్టి రేపు మరో కంపెనీ కారు కొన్నా దీన్ని మార్చనక్కరలేదు. పెట్టెకు పన్నుతో కలిపి 650 డాలర్లు అయ్యాయి. అసలు కథ అక్కడి నుంచే మొదలయింది. మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇంట్లో కరెంటును పంచే మా 150 ఆంపియర్ల ప్యానెల్‌ను (బ్రేకర్ల పెట్టెను) చూడగానే, దాన్ని 200కు మార్చక తప్పదనీ, అందుకు మరో 3,000 డాలర్లు అవుతాయనీ, ఎలాగూ ప్రభుత్వం 30 శాతం ఇస్తుంది కదా అనీ చెప్పాడు. రాయితీ ఉందంటే ధర దానికి తగ్గట్టు పెరగడం మన ఊళ్లలో సబ్సిడీ మోటార్ల నాటి నుంచీ చూస్తున్నదే. రెండో ఎలక్ట్రీషియన్ ఇంట్లోని ఏసీ, పొయ్యి, బట్టల డ్రయ్యరు అన్నింటి లోడు కాగితం మీద లెక్క వేసి, ఛార్జరును 48 ఆంపియర్లకు బదులు 32కు తగ్గించి, 40 ఆంపియర్ల బ్రేకరు మీద నడిపితే ప్యానెల్ జోలికి పోనక్కరలేదని తేల్చాడు. నిరంతరంగా నడిచే లోడు బ్రేకరు సామర్థ్యంలో 80 శాతం దాటకూడదన్న నియమం ప్రకారం అది సరిగ్గా సరిపోతుంది. 32 ఆంపియర్ల దగ్గర 7.7 కిలోవాట్లు వస్తాయి. ఎనిమిది గంటల రాత్రిలో 60 యూనిట్లకు పైగా కారులోకి ఎక్కుతాయి. రోజుకు యాభై మైళ్లు తిరిగేవారికి అందులో మూడో వంతు చాలు.

తీగ, బ్రేకరు, గొట్టం, కూలి, పర్మిటు కలిపి అతను 1,490 డాలర్లు తీసుకున్నాడు. మొత్తం 2,140 కాగా, మా విద్యుత్ సహకార సంఘం ఇచ్చిన 200 డాలర్ల రిబేటును ముందు తీసివేసి, మిగిలిన 1,940 మీద మా పన్ను సలహాదారు 30 శాతం లెక్కకట్టారు. 582 డాలర్లు వచ్చాయి. ఈ తగ్గింపు కోరడానికి పన్ను రిటర్నులో ఫారం 8911తో పాటు దానికే చెందిన షెడ్యూల్ ఎ నింపాలి. అందులో పదకొండు అంకెల ట్రాక్టు సంఖ్య అడుగుతారు. మా ఎలక్ట్రీషియన్ మొదట ఒకే వాక్యంలో రశీదు రాసిచ్చాడు. సామాను, కూలి విడివిడిగా, చిరునామాతో, పని పూర్తయిన తేదీతో మళ్లీ రాయించుకోవడానికి మూడు వారాలు పట్టింది. డబ్బు చెల్లించక ముందే ఆ రశీదు అడిగి తీసుకోండి.

నాకు నచ్చనిది ఒకటుంది. ఆ ఏడాది కట్టవలసిన పన్ను తక్కువగా ఉంటే, వాడుకోలేని మొత్తం చేతికి రాదు, మరుసటి ఏడాదికీ వెళ్లదు. అంటే తక్కువ ఆదాయ ప్రాంతాలకని పెట్టిన తగ్గింపు, ఆ ప్రాంతంలో నిజంగా తక్కువ ఆదాయం ఉన్నవారికే సరిగా అందదు. ఈ ఒక్క కారణంతో నేను దీనికి ఐదుకు మూడు చుక్కలకు మించి ఇవ్వలేను.

పెట్రోలు బంకులు, హోటళ్లు నడిపే మనవారికి లెక్క వేరు. వ్యాపారాలకు మామూలుగా 6 శాతమే. స్థానికంగా అమలులో ఉన్న వేతనాలు కూలీలకు చెల్లించి, అప్రెంటిస్ నియమాలు పాటిస్తే 30 శాతం, ఒక్కో ఛార్జింగ్ పోర్టుకు 1,00,000 డాలర్ల దాకా. ఆ వేతనాల పత్రాలను పని మొదలుకాక ముందే కాంట్రాక్టరుతో ఒప్పందంలో రాయించుకోవాలి. తరువాత అడిగితే దొరకవు.

ఇక గడువు. 2025 జులై 4న సంతకమైన చట్టం 2032ను 2026 జూన్ 30కి కుదించింది. కారు మీది 7,500 డాలర్లు అంతకన్నా ముందే, 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయాయి. జూన్ 30 అన్నది కొన్న తేదీ కాదు, ఛార్జరు బిగించి వాడుకకు సిద్ధమైన తేదీ. పెట్టె గరాజులో అట్టముక్కల మధ్య కూర్చుని ఉంటే, దాని రశీదు మీద ఏ తేదీ ఉన్నా ప్రయోజనం లేదు.