జర్మన్ వాక్యం కట్టడానికి ఏది మేలు: ఇంగ్లీషు దారా, తెలుగు దారా?

జర్మన్ ఎ1 (మొదటి స్థాయి) క్లాసులో కొత్తగా చేరినవాళ్ళు చాలామంది వాక్యాన్ని ముందు ఇంగ్లీషులో అనుకుంటారు, తర్వాత మాటకు మాట జర్మన్ పెడతారు. నేనూ అదే చేశాను. వాటర్‌కి వాసర్, హౌస్‌కి హౌస్ దొరుకుతుంటే ఎవరైనా అటే వెళ్తారు. పదాల వరకు ఆ లెక్క సరిగ్గానే ఉంటుంది. చిక్కంతా వాటిని వరసగా పేర్చేటప్పుడే.

ఒక వాక్యం తీసుకుందాం. 'నేను రేపు రైల్లో మ్యూనిక్ వెళ్ళాలి.' జర్మన్‌లో: ఇష్ ముస్ మోర్గెన్ మిట్ డేమ్ త్సూగ్ నాహ్ మ్యూన్షెన్ ఫారెన్. ఇష్ అంటే నేను, మోర్గెన్ అంటే రేపు, మిట్ డేమ్ త్సూగ్ అంటే రైల్లో, నాహ్ మ్యూన్షెన్ అంటే మ్యూనిక్‌కి, ఫారెన్ అంటే వెళ్ళడం. ఎప్పుడు, ఎలా, ఎక్కడికి, చివర్లో క్రియ: అచ్చం మన వరసే. అదే ఇంగ్లీషులో 'ఐ హావ్ టు గో టు మ్యూనిక్ బై ట్రెయిన్ టుమారో' అంటాం. అంటే ముందు ఊరు, తర్వాత రైలు, ఆఖర్న రేపు. మొత్తం తలకిందులు! జర్మన్ టీచర్లు ఈ వరసను టెకామొలో అని బట్టీ పట్టిస్తారు: కాలం, కారణం, విధానం, స్థలం. తెలుగులో ఆలోచించేవాళ్ళకు అందులో పెద్దగా బట్టీ పట్టాల్సింది లేదు.

తేడా అంతా 'ముస్' దగ్గరే ఉంది. మన 'వెళ్ళాలి'లోని 'ఆలి' పని చేసేది అదే. మనకు అది చివర అతుక్కుని ఉంటుంది, జర్మన్ దాన్ని పీకి రెండో స్థానంలో కూర్చోబెట్టింది. మామూలు వాక్యంలో, కర్తను బట్టి రూపం మారే క్రియ ఎప్పుడూ రెండో స్థానంలోనే ఉండాలి. రెండో స్థానం అంటే రెండో పదం అని కాదు. 'మిట్ డేమ్ త్సూగ్' మూడు పదాలైనా స్థానం ఒక్కటే.

ఇంగ్లీషు దారిలో వెళ్ళినవాళ్ళు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. 'టుడే ఐ డ్రింక్ కాఫీ' అలవాటుతో 'హొయ్‌టె ఇష్ ట్రింకె కాఫె' అనేస్తారు. 'హొయ్‌టె ట్రింకె ఇష్ కాఫె' అనాలి. ముందు ఈరోజు వచ్చిందంటే 'నేను' క్రియ వెనక్కి పోవాల్సిందే. నాకు ఇది ఒంటబట్టడానికి నెలలు పట్టింది.

ఇక 'వైల్' (ఎందుకంటే) వచ్చిందంటే ఇంగ్లీషు పూర్తిగా చేతులెత్తేస్తుంది. 'వైల్ ఇష్ మోర్గెన్ మిట్ డేమ్ త్సూగ్ నాహ్ మ్యూన్షెన్ ఫారెన్ ముస్.' చూశారా, ముస్ మళ్ళీ చివరికి వచ్చేసింది. ఫారెన్ ముస్ అంటే వెళ్ళ్ + ఆలి. 'నేను రేపు రైల్లో మ్యూనిక్ వెళ్ళాలి కాబట్టి' అన్నట్టే, కాకపోతే 'కాబట్టి' ముందుకు వెళ్ళింది. 'అని' అర్థమిచ్చే దాస్‌తోనూ ఇదే కథ. ఉండ్ (మరియు), ఆబర్ (కానీ), డెన్ (ఇదీ ఎందుకంటేనే) లాంటివి వస్తే మాత్రం ఈ మార్పు ఉండదు, క్రియ రెండో స్థానంలోనే ఉంటుంది.

మరి తెలుగు దారిలో గుంతలు లేవా? ఉన్నాయి. మనం 'వస్తున్నాను' అని ఊరుకుంటాం, జర్మన్‌లో 'ఇష్' వదలకూడదు. 'ఆయన డాక్టరు'లో మనకు క్రియే లేదు, అక్కడ 'ఏర్ ఇస్ట్ ఆర్ట్స్ట్' అని ఇస్ట్ పెట్టి తీరాలి. ఈ రెండు చోట్లా ఇంగ్లీషే నయం. అన్నిటికంటే పెద్దది, క్రియను చివరే వదిలేసి 'ఇష్ మోర్గెన్ నాహ్ మ్యూన్షెన్ ఫారె' అనడం.

అయినా నేను తెలుగు వైపే మొగ్గుతాను. ఇంగ్లీషు నుంచి వస్తే అటూ ఇటూ నాలుగు ముక్కలు జరపాలి. తెలుగు నుంచి వస్తే వాక్యం చెప్పుకుని, చివరున్న క్రియ ఒక్కదాన్ని రెండో స్థానానికి లాగితే చాలావరకు అయిపోతుంది. వైల్, దాస్ ఉంటే ఆ లాగడం కూడా అక్కర్లేదు.

విడిపోయే క్రియల్లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఔఫ్‌ష్టేహెన్ అంటే నిద్ర లేవడం. 'నేను ఆరింటికి లేస్తాను' అనాలంటే 'ఇష్ ష్టేహె ఉమ్ జెక్స్ ఊర్ ఔఫ్'. ష్టేహె ముందుకు పోయింది, ఔఫ్ మాత్రం మన 'లేస్తాను' ఉన్న చోటే మిగిలిపోయింది. ముందు వైల్ పెట్టి చూడండి: 'వైల్ ఇష్ ఉమ్ జెక్స్ ఊర్ ఔఫ్‌ష్టేహె'. రెండూ మళ్ళీ కలిసి చివరికొచ్చేశాయి.