లెనిన్ సెంటర్ సందులో పాత స్టిల్స్ కొట్టు, అక్కడ నాకు దొరికిన విమానాల సినిమా ఫోటోలు

కొట్టుకి బోర్డు లేదు కాబట్టి ముందు దారి చెప్తాను. ఏలూరు రోడ్డు మీద లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు బెజవాడలో చదువుకున్న ఎవరికైనా తెలుసు. ఆ వరస దాటి సందులోకి తిరిగితే ఒక మేడ మెట్ల కింద చిన్న గది ఉంటుంది, బయట తాడు మీద పాత పాటల పుస్తకాలు వేలాడుతుంటాయి, అదే. పాత సినిమా స్టిల్స్ (అంటే ప్రచారానికి సెట్ మీద తీసిన ఫోటోలు), షో కార్డులు, పాటల పుస్తకాలు, కాస్త స్టాంపులు అమ్ముతారు. ఏడాదిన్నరగా వెళ్తున్నాను, ఇప్పటికి పదకొండు ఫోటోలు కొన్నాను, పదకొండూ ఒకే సినిమావి.

ఆ సినిమా ‘దోజ్ మాగ్నిఫిసెంట్ మెన్ ఇన్ దెయిర్ ఫ్లయింగ్ మెషీన్స్’. 1965లో వచ్చింది, డైరెక్టర్ కెన్ అనాకిన్. మా నాన్న ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేశారు, ఇంగ్లీష్ పెద్దగా రాదు, కానీ కుర్రాడిగా ఉన్నప్పుడు ఎప్పుడో మార్నింగ్ షోలో చూసిన ఈ సినిమా కథ మాత్రం ఇప్పటికీ సీన్ సీన్‌గా చెప్తారు. చెప్తున్నంత సేపూ చేతులు ఊరుకోవు, ఒక చెయ్యి రెక్క, ఇంకో చెయ్యి ప్రొపెల్లర్. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుల్లో మాకు పేదరాసి పెద్దమ్మ కథల బదులు ఈ కథే ఉండేది.

కథ 1910లో జరుగుతుంది. ఒక పత్రికాధిపతి లండన్ నుంచి పారిస్‌కి విమానాల పందెం పెట్టి 10,000 పౌండ్లు బహుమతి ప్రకటిస్తాడు, దేశదేశాల నుంచి పైలట్లు దిగుతారు. వాళ్లలో గెర్ట్ ఫ్రోబ్ వేసిన జర్మన్ కల్నల్ ఉన్నాడు, విమానం నడపడం రాదు, సూచనల పుస్తకం చేత్తో పట్టుకుని చూసి చదువుతూ ఎగిరేస్తాడు. టెర్రీ థామస్ వేసిన సర్ పెర్సీ ఉన్నాడు, ముందుపళ్ల మధ్య సందు, మీసం, పక్కవాడి విమానం పాడుచేయడమే పని. అంత చేసి చివరికి తన విమానం నడుస్తున్న రైలు మీదే దిగుతుంది, టన్నెల్ వచ్చేసరికి రెక్కలు ఊడిపోతాయి. ఆ టన్నెల్ దగ్గరికి వచ్చేసరికి మా నాన్న కథ ఆపి మా మొహాలు చూసేవారు.

ఇది ఉత్త కామెడీ అనుకుంటారు గానీ దాని వెనక చరిత్ర నిజం. 1909 జూలై 25న బ్లేరియో అనే ఫ్రెంచ్ పైలట్ విమానంలో ఇంగ్లిష్ ఛానల్ దాటాడు. మరుసటి ఏడు, అంటే సినిమా కథ జరిగే 1910లోనే, డెయిలీ మెయిల్ పత్రిక లండన్ నుంచి మాంచెస్టర్‌కి ఎగిరినవాళ్లకి నిజంగా 10,000 పౌండ్లు ఇచ్చింది, లూయీ పాలాన్ అనే ఫ్రెంచ్ పైలట్ గెలిచాడు. సినిమా వాళ్లు కూడా ఆ కాలపు విమానాల నమూనాలను మళ్లీ కట్టించి గాల్లోకి లేపారు. అలెన్ వీలర్ అనే ఎయిర్ కమొడోర్ పర్యవేక్షణ. వాటిలో బ్రిస్టల్ బాక్స్‌కైట్, ఆవ్రో ట్రైప్లేన్ ఇంగ్లండ్‌లో షటిల్‌వర్త్ కలెక్షన్ అనే పాత విమానాల మ్యూజియంలో ఉన్నాయి, గాలి బాగా నెమ్మదించిన సాయంత్రాల్లో ఇప్పటికీ ఎగరేస్తారు. నాకు ఫోటోల పిచ్చి పట్టింది అక్కడే. నాన్న చేతులతో చూపించిన ఆ తీగలూ కర్రలూ గుడ్డ రెక్కలూ కాగితం మీద దగ్గరగా చూడాలనిపించింది.

ఇక కొట్టు సంగతి. మొదటిసారి వెళ్లినప్పుడు పెద్దాయన్ని (నేను బాబాయ్ గారూ అంటాను, ఆయన నన్ను బాబూ అంటారు) ఇంగ్లీష్ సినిమాల స్టిల్స్ ఉన్నాయా అని అడిగాను. ‘‘ఏ సినిమా బాబూ?’’ అన్నారు. పేరు చెప్తే అర్థం కాలేదు. పాత విమానాలు, పందెం, నవ్వులాట అన్నాను. ‘‘అలా చెప్పొచ్చుగా’’ అని పై అరలోంచి గుడ్డ సంచి దించారు. గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు ఎన్ని ఉండేవో మన ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆఫీసు ఎత్తేసినప్పుడో హాలు పడగొట్టినప్పుడో ఈ సామానంతా కాటా మీదికి పోతుంది, కిలోల లెక్కన. ఆయన ముప్పై ఏళ్లుగా ఆ కాటాల దగ్గర నిలబడి ఏరుకుంటున్నారు. ఈ ఊళ్లో ఆ పని ఇంకెవరైనా ఇంత ఓపిగ్గా చేశారని నేననుకోను.

సంచిలో మా సినిమావి ఆరు ఉన్నాయి. చేతులు వణికాయి. ఆయన ఆ ఆరింటినీ బల్ల మీద పరిచి రెండు పక్కకి తీసేశారు. ‘‘ఇవి నాలుగూ పాతవి, ఒక్కోటి నాలుగొందలు. ఈ రెండూ తర్వాత తీసిన కాపీలు, కావాలంటే అరవై రూపాయలకి ఇస్తా, గోడకి తగిలించుకో.’’ నేను అడగలేదు. ఆరూ ఒకే రేటు చెప్పినా ఆ రోజు కళ్లు మూసుకుని ఇచ్చేసేవాణ్ణి. ఈ కొట్టుకి నేను ఐదు స్టార్లు ఇస్తే అందులో నాలుగు ఈ ఒక్క మాటకే.

ఎందుకంటే అంతకు ముందు నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ‘1965 ఒరిజినల్ స్టిల్’ అని మూడు వేలు పోసి తెప్పించుకుంటే, వచ్చింది ప్లాస్టిక్‌లా జారిపోయే కాగితం, వెనక తెల్లగా ఒక్క మరక లేదు, ఒక్క ముద్ర లేదు. వెనక్కి తీసుకోమంటే జవాబే లేదు. ఆ కోపం చాలాకాలం పోలేదు, ఆ ఫోటో కవర్లోంచి కూడా తియ్యలేదు.

తేడా ఎలా పట్టాలో బాబాయ్ గారే నేర్పించారు. అప్పట్లో ఫోటోలు వేసిన పాత బ్రోమైడ్ కాగితం అచ్చంగా కాగితమే, వేళ్లకి మందంగా తగులుతుంది, మన ఎండలకి అంచులు కాస్త లోపలికి ముడుచుకుంటాయి. ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో కాగితం మామూలు వాడుకలోకి వచ్చింది 1970లలో, కాబట్టి ఈ సినిమా ఫోటో ఆ కాగితం మీద ఉందంటే అది విడుదలప్పటిది కాదు. రెండోది భూతద్దం. పెట్టి చూస్తే చిన్న చిన్న చుక్కలు వరసగా కనిపించాయా, అది ప్రెస్‌లో అచ్చయింది, ఫోటో కాదు. అసలు ఫోటోలో చుక్కలుండవు, నలుపు మెత్తగా తెలుపులోకి కరుగుతుంది. మూడోది, ఏటవాలుగా వెలుతురులో పట్టుకుంటే చీకటిగా ఉన్న భాగాల్లో, ముఖ్యంగా అంచుల దగ్గర, నీలంగా అద్దంలాంటి మెరుపు. కాగితంలో ఉన్న వెండి ఏళ్ల తరబడి తేమకి పైకి తేలితే అలా వస్తుంది. అతినీలలోహిత టార్చ్ వేసి చూడమని కొందరు చెప్తారు, అది 1950ల మధ్య కంటే పాత ఫోటోలకి పనికొస్తుంది, మన సినిమాకి పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే ఆ టార్చ్ కింద వెలిగే మెరుపు రసాయనాలు కాగితంలో కలపడం అప్పటికే మొదలైపోయింది.

సైజు కూడా గుర్తుపెట్టుకోండి. స్టిల్ అంటే సాధారణంగా 8 బై 10 అంగుళాలు. లాబీ కార్డు, అంటే హాలు లోపల ప్రచారానికి పెట్టే అట్ట, 11 బై 14, అమెరికాలో ఎనిమిదేసి సెట్టుగా వేసేవారు, అవి రంగుల్లో అచ్చయిన అట్టలు కాబట్టి వాటికి చుక్కలుంటాయి, అక్కడ చుక్కలు తప్పు కాదు. ఇది తెలియక నేను ఒక మంచి కార్డుని కాపీ అనుకుని వదిలేశాను. మళ్లీ వెళ్లేసరికి లేదు.

నా దగ్గరున్న వాటిల్లో నాకు ప్రాణం డెమొయిసెల్ అనే విమానం ఫోటో. నలుపు తెలుపు. చిన్న విమానం, వెనక భాగమంతా వెదురు బొంగులు, పైన రెక్క, రెక్క కింద మనిషి నేలకి జానెడెత్తులో కూర్చున్నట్టు ఉంటాడు. గడ్డి వంగి ఉంది, ప్రొపెల్లర్ తిరుగుతోంది కాబట్టి అది కనపడదు, గాలిలో బూడిదరంగు మరక అంతే. నాలుగు మూలలా గుండుసూది చిల్లులు, ఒక మూల తుప్పు మరక. కొందరు చిల్లులుంటే ధర తగ్గిస్తారు. నాకు చిల్లులే కావాలి, ఈ ఫోటో ఏదో హాలు షోకేసులో నిలబడి టిక్కెట్టు లైన్లో జనాన్ని లోపలికి పిలిచింది.

దీన్ని నాన్నకి చూపించాను. భూతద్దం తీసుకుని పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత వేలితో ఒక తీగ చివర చూపించి ‘‘ఇదిగో, ఇక్కడ బిగించే స్క్రూ ఉంది చూడు, తీగ వదులైతే ఇది తిప్పుతారు, మా లారీ బాడీలకి ఇదే వాడేవాళ్లం’’ అన్నారు. అప్పుడు నేను చదివింది చెప్పాను. అసలు డెమొయిసెల్ తయారుచేసిన సాంటోస్ డుమాంట్ బక్క మనిషి, అందుకే సినిమా కోసం కట్టిన నమూనాని ఎగరేయడానికి బరువు తక్కువున్న పైలట్ కావాల్సి వచ్చింది, చివరికి జోన్ హ్యూస్ అనే మహిళ నడిపింది, రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాలు చేరవేసిన పైలట్ ఆమె. తెర మీద దాన్ని నడిపేది పందెంలో దిగిన ఫ్రెంచ్ పైలట్ కుర్రాడు. ‘‘అంటే అన్నేళ్లూ నేను చెప్పింది ఆవిడ గురించా’’ అని మళ్లీ భూతద్దం పెట్టారు నాన్న.

స్టిల్స్ గురించి ఇంకో ముక్క. ఇవి సినిమా ఫిల్మ్‌లోంచి కోసినవి కావు. స్టిల్ ఫోటోగ్రాఫర్ వేరే కెమెరాతో సెట్ మీద తీసినవి. అందుకే సినిమా రంగుల్లో, 70 ఎంఎంలో ఉన్నా స్టిల్ నలుపు తెలుపులో ఉంటుంది, సినిమాలో లేని భంగిమ కూడా దొరుకుతుంది. ఇరీనా డెమిక్ ఈ సినిమాలో ఆరు పాత్రలు వేసింది, ఫ్రెంచ్ కుర్రాడికి దారిలో కనపడే అమ్మాయిలందరూ ఆవిడే. ఏ స్టిల్‌లో ఉన్నది ఏ పాత్రో తేల్చుకోవడానికి జుట్టు, బట్టలు చూసి సినిమా ఆపి ఆపి పోల్చుకోవాలి, నాకు రెండు ఆదివారాలు పట్టింది.

ఇప్పుడు కొట్టులో లోటు. సరుకు పెట్టే పద్ధతి నాకు బాధ కలిగిస్తుంది. రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కడతారు, రబ్బరు కరిగి ఫోటోకి అంటుకుపోతోంది. పల్చని పీవీసీ కవర్లలో పెడతారు, ఆ ప్లాస్టిక్ మెల్లగా ఫోటోని తినేస్తుంది. వానాకాలం మెట్ల కింద గోడ చెమ్మగిలుతుంది. ఒకసారి ధైర్యం చేసి ‘‘బాబాయ్ గారూ, ఏమనుకోకండి’’ అని చెప్పాను. నొచ్చుకోలేదు, కవర్లు ఎక్కడ దొరుకుతాయో రాసిమ్మన్నారు. ఇప్పుడు ఇంగ్లీష్ సినిమాల కట్టకి మాత్రం ఫోటోని తినని పాలీప్రొపిలీన్ కవర్లు వచ్చాయి, తెలుగు సినిమాల కట్టలు ఇంకా రబ్బరు బ్యాండ్లలోనే ఉన్నాయి. అవే ఎక్కువ విలువైనవి, ఎవరైనా దానికి సాయపడితే బాగుంటుంది.

కొన్నవాళ్లకి ఒక మాట: బెజవాడ ఉక్కలో ఇంటికి తెచ్చాక అసలు పని మొదలవుతుంది. వేలిముద్రలు పడకుండా అంచులు పట్టుకోండి, జిగురు ఆల్బమ్‌లో అంటించకండి, వెనక పెన్నుతో రాయకండి, మెత్తటి పెన్సిల్ చాలు. నేను స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెడతాను, నెలకోసారి పొట్లాలు మారుస్తాను. బయటి గోడకి ఆనుకున్న బీరువాలో మాత్రం వద్దు.

టైమింగ్స్ పొద్దున పదకొండు నుంచి రెండు, మళ్లీ ఐదు నుంచి ఎనిమిది. ఆదివారం ఉండరు. ఫోన్‌పే తీసుకుంటారు. బేరం ఆడితే కొంచెం తగ్గిస్తారు గానీ నేను ఆడటం మానేశాను. విమానాల మీద ఇష్టం ఉందని తెలిశాక ఒకరోజు స్టాంపుల పెట్టెలోంచి 1961 స్టాంపు తీసి ఊరికే ఇచ్చారు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి నైనీకి హెన్రీ పెకే విమానంలో ఉత్తరాలు తీసుకెళ్లాడు, ప్రపంచంలో మొదటి అధికారిక ఎయిర్‌మెయిల్ అదే, దాని యాభయ్యో ఏడుకి మన తపాలా శాఖ వేసిన స్టాంపు. డెమొయిసెల్ ఫోటో పక్కనే పెట్టాను.

నాకింకా దొరకనిది బెలూన్ల ఫైట్ స్టిల్. జర్మన్ కల్నల్, ఫ్రెంచ్ కుర్రాడు చెరో బెలూన్ ఎక్కి పాతకాలపు తుపాకులతో కాల్చుకుని ఇద్దరూ మురికి నీళ్ల చెరువులో పడే సీన్, నాన్న ఫేవరెట్. బాబాయ్ గారి నోట్‌బుక్‌లో నా పేరు కింద ‘రెండు బెలూన్లు’ అని రాసి ఉంది. మీ ఇంట్లోగానీ తెలిసినవాళ్ల దగ్గరగానీ పాత హాలు సామాను, డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు ట్రంకుపెట్టెలు ఉంటే, కాటాకి వేసేముందు ఒక్కసారి ఆ మెట్ల కింద గదిలో చూపించండి.