మొదటి స్మోకర్ కొనేముందు బొగ్గు, కట్టె సంగతి తేల్చుకోండి – హన్మకొండల డ్రమ్ము స్మోకర్ వాడుతున్నోని రివ్యూ

స్మోకర్ (పొగల మాంసాన్ని మెల్లగ వండే పొయ్యి) కొందామనుకునేటోళ్లు చాలామంది ముందు మిషన్ చూస్తరు, దాంట్ల ఏం కాల్చాలె అనేది తర్వాత ఆలోచిస్తరు. నేను చెప్పేది దానికి ఉల్టా. మీ ఊర్ల ఏడాది పొడుగునా ఎండిన కట్టె ఏది దొరుకుతది, మంచి బొగ్గు ఎక్కడ దొరుకుతది, కరెంటు ఎట్లుంటది, ఇవి ముందు తేల్చుకుంటె ఏ స్మోకర్ కొనాలె అనేది దానంతట అదే తేలుతది. లాక్‌డౌన్ల తర్వాతి సంది మా ఇంటెనుక జాగల 200 లీటర్ల ఇనుప డ్రమ్ముతోని చేయించుకున్న స్మోకర్ వాడుతున్న, వరంగల్ ఎండల్ల, ముసుర్ల, చలిల అన్నిట్ల దాని మీద వండిన. మా బావమర్ది దగ్గర ఎలక్ట్రిక్‌ది ఉన్నది, కాజీపేటల దోస్తు దగ్గర పక్కన పొయ్యి ఉండే ఆఫ్‌సెట్ ఉన్నది, ఆ రెండింటి మీద కూడ మస్తుసార్లు చేసిన, అందుకే ఇంత ధైర్యంగ రాస్తున్న.

కొత్తోళ్లకు ఒక్క ముక్క. బొగ్గుల మీద ముక్కలు కాల్చుడు మనకు కొత్త కాదు, అది ఎక్కువ మంట, తక్కువ టైం. స్మోకర్‌ల 107 నుంచి 135 డిగ్రీల మధ్య వేడిని గంటల తరబడి కదలకుంట నిలబెట్టాలె, దాంతోపాటు సన్నటి పొగ తగలాలె, అప్పుడే ముదురు యాట జబ్బలున్న నరాలు, పొరలు కరిగి జిగురుగ మారి మాంసం ఎముక నుంచి ఊడొస్తది. అంటే స్మోకర్‌ల అసలు పని వేడిని నిలబెట్టుడు. ఆ వేడి దేని నుంచి వస్తున్నదనేదే మీ ఆదివారం ఎట్ల గడుస్తదో నిర్ణయిస్తది.

పెల్లెట్ స్మోకర్ మీద చాలామందికి మోజున్నది, వీడియోలు చూస్తె నాకూ అనిపిస్తది. రంపపు పొట్టును గట్టిగ ఒత్తి చేసిన సన్న గుళికలను మోటార్ స్క్రూ కొద్దికొద్దిగ మంటలకు తోస్తది, కంట్రోలర్ వేడి చూసుకుంటది, 1980లల్ల అమెరికాల ట్రేగర్ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన దగ్గర దానికి వద్దంటున్న. తిండికి పనికొచ్చే పెల్లెట్లు ఇక్కడ షాపుల దొరకవు, ఆన్‌లైన్ల తెప్పించుకోవాలె, ఇక్కడ దొరికేటియి బాయిలర్లకు అమ్మేటియి, పల్లిపొట్టు, రంపపు పొట్టు, ఇంకేమేమో కలిపి చేసినయి, వాటి పొగ కూరకు పట్టియ్యొద్దు. పైంగ వానకాలం గాలికి పెల్లెట్ తేమ గుంజుకొని ఉబ్బి పిండైతది, స్క్రూల ఇరుక్కుంటది.

గ్యాస్‌ది వేడి నిలబెడుతది, పొగ మాత్రం మీరు ట్రేల వేసిన చెక్కముక్కల నుంచే రావాలె. మన సిలిండర్‌కు, మన రెగ్యులేటర్‌కు సరిపోయేదేనా అని కనుక్కొని కొనుర్రి, అంతకుమించి దాని గురించి చెప్పేది లేదు.

ఎలక్ట్రిక్ గురించి నిజాయితీగ చెప్పాలె, ఎందుకంటె దాన్ని తక్కువ చేసి మాట్లాడేటోళ్లు మస్తుమంది ఉన్నరు. మా బావమర్ది పొద్దున ప్లగ్గు పెట్టి డ్యూటీకి పోయి వస్తడు, వచ్చేసరికి చికెన్ అయ్యుంటది, వేడి పెద్దగ అటుఇటు కాదు. చేపలకు, పనీర్‌కు, తక్కువ వేడి మీద చేసే వాటికి అది నా డ్రమ్ము కంటె మంచిది, ఒప్పుకుంటున్న. కాని ఆ పెట్టె గట్టిగ మూసి ఉంటది, లోపల తేమ ఎక్కువ, వేడి చాలా మోడళ్లల్ల 135 దాటదు, అందుకే కోడి తోలు రబ్బర్ లెక్క సాగుతది. మాంసం కోస్తె అంచుకు ఎర్రటి వలయం కనబడుతది చూడుర్రి, అది కాలే బొగ్గు, కట్టె నుంచి వచ్చే వాయువులు మాంసం రంగుతోని కలిసి ఏర్పడేది, ఉత్త కాయిల్ వేడిల అది దాదాపు రాదు. రుచికి దానితోని సంబంధం లేదు, చూసేటందుకే. ఇంకోటి, అమెరికాల ఉన్న చుట్టాలు తెస్తమంటె అక్కడిది 120 వోల్టుల మీద నడిచే మిషన్ అని యాది పెట్టుకోండి, మన 230 వోల్టులల్ల నేరుగ పెడితె కాలిపోతది. మధ్యల కరెంటు పోయిందంటె కోడి సగం ఉడికి, చల్లారుకుంట ఆగుతది, అది మంచిది కాదు, 5 నుంచి 60 డిగ్రీల మధ్య మాంసం ఎక్కువసేపు ఉంటె క్రిములు పెరుగుతయి.

ఆఫ్‌సెట్ అంటె పక్కన చిన్న పొయ్యి, దాని నుంచి మంట గాలి పెద్ద డబ్బాలకు పోయి చిమ్నీల నుంచి బయటికి వస్తది. పూర్తిగ కట్టెతోని వండితె వచ్చే రుచి దేంట్లనూ రాదు, కాజీపేటల తిన్న పొట్టేలు పక్కటెముకలు నాకు ఇంకా నోట్ల ఉన్నయి. అయితె అరగంటకో ముప్పావు గంటకో ఒక కట్టె వేస్తనే ఉండాలె, మా దోస్తు కుర్చీ వేసుకొని దాని పక్కనే కూసుంటడు, ఆయనకది ఇష్టం. తక్కువ ధరల అమ్మే ఆఫ్‌సెట్ల రేకు పలచగ ఉంటది, మూత దగ్గర సందులల్ల పొగ కారుతది, గాలి కొట్టిందంటె ఒక పక్క మాడుతది ఇంకో పక్క పచ్చిగ ఉంటది. మందపాటి ఇనుముతోని చేసినదైతేనే తీసుకోవాలె, అది మొదటి స్మోకర్‌కు పెట్టే పైసలు కావు.

ఇగ బొగ్గు. నా ఓటు దీనికే. బొగ్గు వేడి ఇస్తది, మీద పెట్టిన రెండు మూడు కట్టెముక్కలు పొగ ఇస్తయి, రెండు పనులు రెండింటికి పంచినట్టు. డ్రమ్ముల బుట్టనిండ కాలని బొగ్గు పోసి మధ్యల కొన్ని ఎర్రటి నిప్పులు పెడితె నిప్పు మెల్లమెల్లగ పక్కకు పాకుతది, కింద గాలి రంధ్రం ఎంత తెరిస్తె అంత వేడి. నాలుగైదు కిలోలతోని ఏడెనిమిది గంటలు నడుస్తది, మధ్యల మూత తీసే పని ఉండది. మూత తీసిన ప్రతిసారి గాలి లోపలికి పోయి నిప్పు రాజుకుంటది, మల్ల కుదుటపడేసరికి టైం పడుతది, అందుకే ఊకూకె తీసి చూడకుర్రి.

బొగ్గుల రెండు రకాలు వాడుతున్న. ఒకటి బట్టీలల్ల కాల్చిన తుమ్మ బొగ్గు, ఇస్త్రీ బండ్లోళ్లు, హోటళ్లోళ్లు కొనేదే. అగ్గువ ఉంటది, తొందరగ అంటుకుంటది, మంచి వేడి. బస్తా విప్పి చూసి కొనాలె, రెండు ముక్కలు కొట్టి చూస్తె ఖంగుమని మోగాలె, డబ్‌మని మూగగ మోగితె సగం కాలిన కట్టె ఉన్నట్టు, అది తెల్లటి ఘాటు పొగ ఇడుస్తది. కింద మన్ను, బొగ్గుపొడి ఎక్కువుంటె గాలి ఆడది. తూకం కోసం తడిపిన బస్తాలు కూడ వస్తయి, అవి చేత్తోని పట్టుకుంటెనే తెలుస్తది. రెండోది కొబ్బరి చిప్పల బొగ్గుతోని చేసిన బిళ్లలు. అంటుకునేటందుకు సతాయిస్తది గాని ఒకసారి అంటుకుంటె వేడి సమానంగ, బూడిద తక్కువ, సొంత వాసన దాదాపు లేదు. పెద్ద జబ్బ చేసినప్పుడు ఇదే, చికెన్‌కు తుమ్మ బొగ్గు. హుక్కాకు అమ్మేటియి, అగ్గిపుల్లతోని టక్కున అంటుకునే బిళ్లలు మాత్రం వద్దు, వాటిల మందు కలుస్తది.

పొగ కట్టె గురించి కొంచెం ఎక్కువ రాస్త, రుచి మొత్తం ఇక్కడనే ఉన్నది. అమెరికావాళ్ల మాటలల్ల హికరీ, ఓక్ అని వింటరు, అవి వెతకకుర్రి. టెక్సస్‌ల వాళ్లు గొప్పగ చెప్పుకునే మెస్కీట్ కుటుంబందే మన సర్కారు తుమ్మ, చెరువుగట్ల మీద, రైల్వే లైన్ పొంటి ముండ్లతోని పెరిగేదే. దాని పొగ చాలా గట్టిది, చికెన్ ముక్కలకు, తక్కువ టైంల అయ్యే చాప్స్‌కు అద్భుతం, ఆరేడు గంటలు పెడితె చేదు ఎక్కుతది. మామిడి మెత్తటి పొగ, కొంచెం తియ్యగ ఉంటది, పాత తోటలు కొట్టేసినప్పుడు సామిల్లుల ముక్కలు చవుకగ దొరుకుతయి. నాకు అన్నిటికంటె ఇష్టమైంది జామ, గట్టి కట్టె, మెల్లగ కాలుతది, కొర్రమీనుకైనా యాటకైనా సరిపోతది. చింత కట్టె పొగ కంటె నిప్పుకోసం మంచిది. ఏ కట్టెనైనా నీడల ఆరునెలలన్న ఆరబెట్టాలె, తేమ ఇరవై శాతం కింద ఉంటె మంచి పొగ వస్తది. పిడికెడంత ముక్కలు రెండు మూడు చాలు. ముక్కల్ని నీళ్లల్ల నానబెట్టే పని లేదు, నీళ్లు లోపలికి పోవు, పైన ఆవిరైతయి అంతే.

అడితిల అడిగితె చవుకని జామాయిల్ కట్టె ఇస్తరు, అది జామ కాదు, నూనె ఉండే చెట్టు, మాంసం మందు వాసన కొడుతది. వేప చేదు. గన్నేరు అయితె విషమే, దాని పుల్ల కూడ దగ్గరికి రానియ్యొద్దు. రంగులేసిన పాత తలుపులు, ప్లైవుడ్, సెంట్రింగ్ చెక్కలు కూడ పనికిరావు. పొగ ఎట్లుండాలెనంటె సన్నగ, నీలంగ, దాదాపు కనబడకుంట. గుప్పుగుప్పుమని తెల్లగ వస్తున్నదంటె గాలి సరిపోతలేదు, అది తగ్గేదాక మాంసం పెట్టొద్దు.

డ్రమ్ము చేయించుకునేటోళ్లకు: మంచి నూనె, జ్యూస్ లాంటి తిండి సామాను వచ్చిన డ్రమ్మే తీసుకోండి, మన వైపు పత్తి మందుల డ్రమ్ములు, కెమికల్ డ్రమ్ములు చవుకగ దొరుకుతయి, వాటి జోలికి పోవద్దు. లోపల పెయింటు, పూత మొత్తం పోయేదాక కట్టెల మంట పెట్టి కాల్చాలె, తర్వాత తోమి నూనె రాసి మల్లోసారి కాల్చాలె. కింద ముప్పావు ఇంచు పైపు రంధ్రాలు మూడో నాలుగో, ఒకదానికి బాల్ వాల్వ్, మూతకు పొగ పోయే దారి. జాలీ బొగ్గు బుట్ట నుంచి రెండడుగుల ఎత్తుల ఉండాలె. జాలీకి, బుట్టకు తెల్ల పూత ఉన్న జీఐ రేకు వాడనియ్యొద్దు, వేడికి జింకు పొగ లేస్తది, స్టీలు గాని ఉత్త ఇనుము గాని పెట్టమనాలె. నాకు వెల్డింగ్ షాపుల అన్ని కలిపి ఐదారువేలల్ల అయ్యింది, ఆన్‌లైన్ల వచ్చే బుల్లెట్ స్మోకర్లు (తూటా ఆకారంల నిలువుగ ఉండే బొగ్గు స్మోకర్లు) దానికి ఎన్నో రెట్లు.

ఇన్ని రోజుల వాడకంల బయటపడ్డ లోపం అడుగు తుప్పు. బూడిద తేమ గుంజుకుంటె ఇనుమును తింటది, వానకాలం రెండు రోజులు బూడిద ఉంచితె చాలు. ఒకసారి అడుగు రేకు మార్పించిన. చల్లారంగనే బూడిద తీసి, మూత మీద రేకు కప్పి, ఇటుకల మీద ఎత్తుల పెట్టుర్రి. రెండోది ఎండ. మే నెలల 44 డిగ్రీలు కొట్టేటప్పుడు డ్రమ్మును ఎండల పెడితె వాల్వ్ మూసినా వేడి దిగదు, అందుకే తెల్లారకముందే మొదలుపెట్టి పది గంటల కల్లా అయ్యే వంటలే చేస్త.

మూత మీద వచ్చే గుండ్రటి మీటర్‌ను నమ్మొద్దు. రెండు ప్రోబులుండే డిజిటల్ థర్మామీటర్ కొనుర్రి, ఒకటి జాలీ దగ్గర, ఒకటి మాంసంల. కోడి లోపల 74 డిగ్రీలు రావాలె, దాన్ని స్మోకర్ వేడి 150 దగ్గర పెట్టి చేస్తె తోలు కరకరలాడుతది. జబ్బ 93 దగ్గర ఊడొస్తది. 65, 70 మధ్యల గంటలు గంటలు అంకె కదలకుంట ఆగుతది, భయపడకుర్రి, తేమ ఆవిరైతుంటె మాంసం చల్లబడుతది, అంతే. బ్రిస్కెట్ (పెద్దకూరల రొమ్ము ముక్క) వీడియోలల్ల చెప్పే టైములు మన యాటకు పనికిరావు, ఆ ముక్కకు కొవ్వు ఎక్కువ, మన మేక బక్కగ ఉంటది, ఎండిపోతది. పొట్టేలు జబ్బ కొవ్వుతోని అడగండి, 70 దాటినంక ఒక చెంచా నెయ్యి వేసి ఫాయిల్ల చుట్టండి. మసాలాకు చపాట మిర్చి పొడి వాడుతున్న, 2025ల జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన మన వరంగల్ మిర్చే, ఎర్రటి రంగు, తక్కువ కారం, గంటల పొగల కూడ నోరు మండనియ్యదు. ఉప్పు, అల్లం ఎల్లిపాయ, ధనియాలు, ఇవి చాలు.

అపార్ట్‌మెంట్లల్ల ఉండేటోళ్లు బొగ్గు స్మోకర్‌ను బాల్కనీల, వరండాల, షెడ్డుల పెట్టకుర్రి, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తది. టెర్రస్ మీద ఒప్పుకుంటె అక్కడ ఎలక్ట్రిక్‌ది పెట్టుకోండి, కింద బట్టలారేసినోళ్లకు చెప్పి మొదలుపెట్టుర్రి. సొంత జాగ ఉన్నోళ్లు మాత్రం ముందు ఒక బస్తా బొగ్గు, రెండు మోపుల జామ కట్టె తెచ్చి ఆరబెట్టుకోండి, ఆ తర్వాత వెల్డింగ్ షాపుకు పోండి.