ఆన్‌లైన్ ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్ కొనబోతున్నారా? అమ్మేవాళ్ళు ఇచ్చే లాభాల లెక్కతో జాగ్రత్త

హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్, ట్రైనింగ్, క్వాలిటీ చూసే వాళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను. "ట్రైనింగ్ అంతా ఆన్‌లైన్‌లో పెడదాం, ఎంత ఖర్చవుతుందో ఎంత మిగులుతుందో ఒక నోట్ తయారుచెయ్యి" అని మీ యాజమాన్యం అడిగి ఉంటే, ఎవరికీ ఆర్డర్ ఇవ్వకముందే దయచేసి చదవండి. ఆ నోట్ మేమే తయారుచేసి ఇస్తామని అమ్మే కంపెనీ అంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి. మాకు జరిగిన నష్టమంతా అక్కడే మొదలైంది.

మాది ఐడీఏ బొల్లారంలో మందుల ఫ్యాక్టరీ. కాంట్రాక్ట్ వాళ్ళతో కలిపి 620 మంది ఉంటాం. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. మా దగ్గర పనిచేసేవాళ్ళకు ఆ ఏరియాలో చుట్టాలున్నారు, స్నేహితులున్నారు. కొన్ని వారాల పాటు మా క్యాంటీన్‌లో వేరే మాట లేదు. మా ఎండీ గారు నిజంగానే కదిలిపోయి, సేఫ్టీ ట్రైనింగ్‌కు ఎంతైనా ఇస్తానన్నారు. సరిగ్గా ఆ సమయంలో మాదాపూర్‌లో ఆఫీసున్న ఒక ఎల్‌ఎంఎస్ (ఆన్‌లైన్‌లో ట్రైనింగ్ ఇచ్చి రికార్డులు ఉంచే సాఫ్ట్‌వేర్) కంపెనీ వాళ్ళు వచ్చారు. వాళ్ళ ప్రెజెంటేషన్‌లో మొదటి స్లైడే ఆ ప్రమాదం ఫోటో. చనిపోయిన వాళ్ళను చూపించి సరుకు అమ్ముకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

డెమో అయిన మర్నాడే ఒక ఎక్సెల్ షీట్ వచ్చింది. పైన మా కంపెనీ లోగో, కింద పెద్ద అక్షరాల్లో "మొదటి ఏడాది ఆదా ₹31 లక్షలు". "మీరేం కష్టపడక్కర్లేదు మేడమ్, దీన్నే మేనేజ్‌మెంట్‌కు పెట్టేయండి" అన్నాడు సేల్స్ అతను. మా ఫైనాన్స్ వాళ్ళు ఆ అంకెల మీద ప్రశ్నలు పంపారు. జవాబు రాలేదు. ఈలోగా వాళ్ళ డైరెక్టర్ నేరుగా ఎండీ గారిని కలిసి అదే షీట్ చూపించి, మూడేళ్ళ ఒప్పందం మీద సంతకం చేయించుకున్నారు.

ఆ ₹31 లక్షలు ఎలా వచ్చాయో విప్పి చూపిస్తాను. ఇలాంటి షీట్ మీకూ వస్తుంది. అందులో ₹12.4 లక్షలు క్లాస్‌రూమ్ ఖర్చు ఆదా అట. ట్రైనర్ ఫీజు, హాల్ అద్దె, ప్రయాణం, భోజనం అని విడివిడిగా రాశారు. మా ట్రైనర్ మా ఉద్యోగే, ఆయన జీతం ఎలాగూ ఇవ్వాలి. హాల్ అంటే మా క్యాంటీన్ పైనున్న గది. మనుషులు షిఫ్ట్ బస్సుల్లో ఎలాగూ వస్తారు, ఎలాగూ భోంచేస్తారు. నిజంగా చేతిలో మిగిలేది అప్పుడప్పుడూ పిలిచే బయటి ఫ్యాకల్టీ ఫీజు, కాస్త ప్రింటింగ్ ఖర్చు. అంతే.

మిగతా ₹18.6 లక్షలు పని గంటల ఆదా. ఏడాదికి 24 గంటల క్లాసులు 12 గంటలకు తగ్గుతాయని అనుకుని, మిగిలిన 12 గంటలను 620 మందితో, గంటకు ₹250తో గుణించారు. నెలకు ₹18,000 తీసుకునే ఆపరేటర్ 26 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తే గంటకు ₹87 కూడా పడదు. ₹250 అన్నది ఏ ఐటీ కంపెనీకో వేసిన లెక్క అయి ఉండాలి. మాకు ఎందుకు పెట్టారని అడిగితే ఇండస్ట్రీ స్టాండర్డ్ అన్నారు. సరే, ₹87తోనే లెక్కేసినా ₹6.5 లక్షల లోపే వస్తుంది. అదైనా డబ్బు రూపంలో మిగులుతుందా అంటే మిగలదు. గంటలు మిగిలాయని ఎవరి జీతమూ కొయ్యం కదా. ఓవర్‌టైమ్ తగ్గితేనో, ఆ సమయంలో ఇంకో బ్యాచ్ తీయగలిగితేనో అది ఆదా. అసలు 24 గంటలు 12 ఎందుకవుతాయో కూడా ఎవరూ చెప్పలేదు.

దానికి బదులు ఒక రంగుల బొమ్మ చూపించారు: చదివింది 10 శాతం గుర్తుంటుంది, విన్నది 20 శాతం, చూసింది 30 శాతం, చేసింది 90 శాతం. ఈ బొమ్మ మీకూ చూపిస్తారు, నమ్మకండి. ఎడ్గార్ డేల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1946లో గీసిన శంకువు దీనికి మూలం. ఆయన గీసిన దాంట్లో శాతాలే లేవు, తర్వాత ఎవరెవరో తగిలించారు. గుండ్రటి అంకెలు కనపడితే ఎవరు కొలిచారు, ఎవరి మీద కొలిచారు అని అడగండి. మొహమాటపడొద్దు, డబ్బు మీది.

ఇక ఖర్చు వైపు. మనిషికి ఏడాదికి ₹900 అన్నారు. 620 మందికి ₹5.58 లక్షలే కదా అనిపిస్తుంది. ఒప్పందంలో మాత్రం కనీసం 1,000 మంది స్లాబ్. అంటే ₹9 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీతో ₹10.62 లక్షలు, అదీ ఏడాదికి సరిపడా ముందుగానే. జీఎస్టీ క్రెడిట్ తర్వాత తీసుకోవచ్చు గానీ చేతిలోంచి ముందు వెళ్ళేది అంతే. జీఎస్టీ వదిలేసి ఆ ₹9 లక్షలనే ఉన్న మనుషులతో భాగించినా తలకు ₹1,450 దాటింది. ఇంకో తిరకాసు, లైసెన్స్ మనిషి పేరు మీద ఉంటుంది. కాంట్రాక్ట్ అబ్బాయి రెండు నెలలు చేసి మానేస్తే ఆ లైసెన్స్ ఏడాది చివరిదాకా అతని పేరు మీదే చచ్చిపడి ఉంటుంది. వేరే వాళ్ళకు మార్చుకోవచ్చా అని డెమోలోనే అడిగాను, "తప్పకుండా మేడమ్" అన్నారు. ఒప్పందం కాపీ చేతికొచ్చాక చూస్తే మార్చడానికి విడిగా ఛార్జ్. కాంట్రాక్ట్ లేబర్ ఎక్కువగా ఉన్న ఏ ఫ్యాక్టరీకైనా ఈ ఒక్క నిబంధన చాలు, 1,000 కూడా సరిపోదని ఇంకో స్లాబ్ అంటగట్టడానికి.

వాడకం దగ్గర కష్టం ఇంకా పెద్దది. లాగిన్‌కు ఆఫీస్ ఈమెయిల్ కావాలి, మా ఆపరేటర్లలో చాలామందికి అది లేదు. యాప్‌లో చూసుకోవచ్చన్నారు. సాల్వెంట్లు (మంటంటుకునే ద్రావకాలు) వాడే ప్రొడక్షన్ ఏరియాలోకి మొబైల్ తీసుకెళ్ళనివ్వం, ఆ సంగతి వాళ్ళకు ముందే చెప్పాం. చివరికి క్యాంటీన్ దగ్గర రెండు కంప్యూటర్లు పెట్టాం, అది మా సొంత ఖర్చు. భోజనానికి ఇచ్చే అరగంటలో ఎవరు కూర్చుంటారు? "షిఫ్ట్‌లో మనిషిని వదిలితే రియాక్టర్ దగ్గర ఎవరిని పెట్టాలి మేడమ్?" అని ప్రొడక్షన్ మేనేజర్ అడిగారు, ఆయన అడిగిందాంట్లో తప్పులేదు. తెలుగులో కోర్సులున్నాయన్నారు. ఉన్నవి ఇంగ్లిష్ వీడియో కింద మెషీన్‌తో తర్జుమా చేసిన తెలుగు అక్షరాలు. "వీడియోల ఆమె చెప్పేది సగం అర్థమైతలేదు, కింద రాసింది అసలే అర్థమైతలేదు" అని ఒక సీనియర్ ఆపరేటర్ నాతో అన్నాడు. 20 ఏళ్ళుగా సెంట్రిఫ్యూజ్ నడుపుతున్న మనిషి. ఆయనకు అర్థం కాలేదంటే లోపం ఆయనలో లేదు.

ఫార్మా వాళ్ళు ఈ పేరా జాగ్రత్తగా చదవండి. తమ సాఫ్ట్‌వేర్ "పార్ట్ 11 కంప్లయింట్" అని అమ్మేవాళ్ళు బ్రోచర్‌లో రాస్తారు. అమెరికా ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 ఎలక్ట్రానిక్ రికార్డులకు, సంతకాలకు సంబంధించింది. పెట్టెలో పెట్టి అమ్మేంత వస్తువు కాదది. మన సైట్‌లో, మన పద్ధతులతో వ్యాలిడేట్ చేసి (చెప్పినట్టే పనిచేస్తుందని పరీక్షించి రాసిపెట్టి), ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆడిట్ ట్రయల్ చూపించాల్సింది మనమే. ఎస్‌ఓపీ (ఏ పని ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతి) ట్రైనింగ్ రికార్డులు ఇందులో పెట్టాలంటే ఐక్యూ, ఓక్యూ, పీక్యూ డాక్యుమెంట్లు (సరిగ్గా ఇన్‌స్టాల్ అయిందని, సరిగ్గా నడుస్తోందని, మన వాడకంలో నిలబడుతోందని చూపే వ్యాలిడేషన్ కాగితాలు) కావాలని మా క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) వాళ్ళు అడిగితే, దానికి వేరే కొటేషన్ పంపారు. షీట్‌లో ఆ ఖర్చు ఊసే లేదు. వ్యాలిడేషన్ కానిదాన్ని జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా నియమాలు) ట్రైనింగ్‌కు వాడటానికి వీల్లేదని క్యూఏ పట్టుబట్టింది, అది వాళ్ళ బాధ్యత. దాంతో అసలు ఏ పని కోసం కొన్నామో ఆ పని ఇప్పటికీ కాగితం మీదే సాగుతోంది.

మరి నెలనెలా వచ్చే రిపోర్ట్‌లో ఏముంటుంది? "96 శాతం పూర్తి". ట్రైనింగ్‌ను అంచనా వేయడానికి డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో నాలుగు మెట్లు చెప్పారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, సంస్థకు ఫలితం వచ్చిందా. వీడియో చివరిదాకా నడిచిందన్నది అందులో మొదటి మెట్టు కూడా కాదు. సాల్వెంట్ డ్రమ్ ఖాళీ చేసేముందు ఎర్తింగ్ క్లిప్ (నిప్పురవ్వ పుట్టకుండా స్టాటిక్ కరెంటును నేలలోకి పంపేది) పెట్టాడా లేదా అన్నది నాకు కావాలి. అది డాష్‌బోర్డ్‌లో కనపడదు, షాప్ ఫ్లోర్‌లోకి వెళ్ళి చూడాల్సిందే.

ఆన్‌లైన్ ట్రైనింగే వద్దని నేను అనడం లేదు. మాకు దాని అవసరం నిజంగా ఉంది. ఒక ఎస్‌ఓపీ మారితే మూడు షిఫ్టుల్లో అందరికీ చెప్పి సంతకాలు పెట్టించేసరికి వారాలు పడుతుంది. కొత్తవాళ్ళ ఇండక్షన్‌లో అదే పాఠం మళ్ళీ మళ్ళీ చెప్పి ట్రైనర్ గొంతు పోతుంది. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే ట్రైనింగ్ ఫైళ్ళు వెతకడానికి క్యూఏలో మనుషులు రాత్రిళ్ళు కూర్చుంటారు. యాజమాన్యానికి పెట్టే నోట్ వీటితో మొదలవ్వాలి. ఈ మూడింటి మీద ఇప్పుడు ఎంత సమయం, ఎంత ఓవర్‌టైమ్ పోతోందో మీ రిజిస్టర్ల నుంచే తీయండి. ఖర్చు వైపు లైసెన్స్‌తో పాటు వ్యాలిడేషన్, కంప్యూటర్లు, తెలుగు కంటెంట్, షిఫ్ట్‌లో బదులు మనిషి, దీన్ని చూసుకునే ఒక అడ్మిన్, అన్నీ వేయండి. మూడేళ్ళకు వేయండి, మొదటి ఏడాదికి కాదు. ప్రొడక్షన్ హెడ్ చేత, ఫైనాన్స్ చేత ఆ అంకెలు సరిచూయించి సంతకం పెట్టించండి. అప్పుడు మిగిలేది ₹31 లక్షలు కాక ₹3 లక్షలే అయినా అది నిలబడే అంకె. ఒక్క డిపార్ట్‌మెంట్‌లో, మన సొంత పాఠాలతో మూడు నెలలు నడిపి చూశాకే పెద్ద ఆర్డర్ ఇస్తామని చెప్పండి. దానికి ఒప్పుకోని కంపెనీని అక్కడితో వదిలేయండి.

ఉచితంగా దొరికేవీ చూడండి. మూడిల్ అనే ఎల్‌ఎంఎస్ 2002 నుంచి ఓపెన్ సోర్స్‌లో ఉంది, లైసెన్స్ ఫీజు లేదు. సర్వర్, దాన్ని నడిపే మనిషి మాత్రం మీరే పెట్టుకోవాలి, జీఎంపీకి వాడితే వ్యాలిడేషన్ దానికీ తప్పదు. కంటెంట్ విషయంలో మాకు బాగా పనిచేసింది మా సేఫ్టీ ఆఫీసర్ ఖాళీ షెడ్‌లో ఫోన్‌తో తీసిన నాలుగు నిమిషాల తెలుగు వీడియో, డ్రమ్ముకు బాండింగ్, ఎర్తింగ్ ఎలా పెట్టాలో. మన షెడ్, మన డ్రమ్ము, మన మాట కాబట్టి షిఫ్ట్ మీటింగ్‌లో టీవీ మీద వేస్తే అందరూ చూశారు, ప్రశ్నలు అడిగారు.

సంతకం ముందు ఒప్పందంలో చూడాల్సినవి ఇంకొన్ని. మీరు చేసుకున్న కోర్సులు స్కార్మ్ ఫార్మాట్‌లో (ఏ ఎల్‌ఎంఎస్‌లోనైనా నడిచేలా కోర్సును దాచే పద్ధతి) బయటికి వస్తాయా? మాకు అమ్మినవాళ్ళ టూల్‌లో చేసినవి రావు. ఉద్యోగుల ట్రైనింగ్ రికార్డులు వదిలి వెళ్ళేటప్పుడు ఎక్సెల్‌లోనో సీఎస్‌వీలోనో ఇస్తారా, లేక పీడీఎఫ్ సర్టిఫికెట్లు చేతిలో పెట్టి పొమ్మంటారా? వివాదం వస్తే ఎక్కడ తేలుతుంది? మా ఒప్పందంలో ఆర్బిట్రేషన్ వేరే రాష్ట్రంలో పెట్టారు. వ్యాపార అవసరానికి కొన్న సర్వీసుకు 2019 వినియోగదారుల చట్టం కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడం సాధారణంగా కుదరదు, అందుకే ఈ నిబంధన ఇంత ముఖ్యం. ఇంకొకటి, అమ్మేవాళ్ళు ఎంఎస్‌ఎంఈ రిజిస్ట్రేషన్ చూపించి 45 రోజుల్లో కట్టాల్సిందేనని ఒత్తిడి చేస్తారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ హక్కు చట్టం ఇచ్చిందే. అదే 2006 చట్టంలో, సర్వీస్ అందిన 15 రోజుల్లోపు మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అని కూడా ఉంది. కాబట్టి ఫోన్లో గొడవపడి ఊరుకోవద్దు. ఏది పనిచేయడం లేదో వెంటనే మెయిల్ పెట్టండి.

ఇప్పటికే ఇలాంటి ఒప్పందంలో ఉన్నవాళ్ళు ఈ రోజే రెన్యూవల్, ముందస్తు రద్దు నిబంధనలు తీసి చూడండి. మా దాంట్లో 90 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దనకపోతే గడువు దానంతటదే పొడిగించబడుతుందని ఉంది. మేము లాయర్ ద్వారా నోటీసు పంపాం, రికార్డులన్నీ ఎక్సెల్‌లో ఇమ్మని అడిగాం. దానికీ విడిగా డబ్బు కట్టమంటున్నారు.